చిన్న పేపర్

మారతహళ్ళి, బెంగళూరు
16 జూన్ 2024

పూజ్యులు సిస్టర్ రీతమ్మ గారికి వరూధిని నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తరు. ఎత్తినా వినపడదు. వాట్సాప్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయంటారు. అందుకని ఈ రోజుల్లో కూడా కవర్లూ స్టాంపులూ కొనుక్కొచ్చి రాస్తున్నాను. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది. ఆదోని ఎండలకు తట్టుకున్నారా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ముందు మంచి కబురు. పదో తరగతి లెక్కల్లో ఈసారీ అందరూ పాస్. స్టాండర్డ్ పేపర్ సగటు ఎనభై ఎనిమిది. మీరున్నప్పటిలాగే స్టాఫ్ రూమ్‌లో స్టాండర్డ్‌ను పెద్ద పేపరనీ, బేసిక్‌ను చిన్న పేపరనీ అంటున్నాం. తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో అరవై వచ్చిన వాళ్ళకు పెద్దది, రాని వాళ్ళకు చిన్నది. ఆ పద్ధతి వచ్చాక తప్పిన పిల్ల లేదు.

ప్రిన్సిపాల్ సిస్టర్ నన్ను లెక్కల విభాగానికి హెడ్‌ని చేశారు. మీరు కూర్చున్న కుర్చీ ఇప్పుడు నాది. దాని ఎడమ చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది. మేకు కొట్టమని ప్యూన్ చెన్నరాయప్పకు మూడేళ్ళుగా చెబుతున్నాను. "కొడ్తాలేమ్మా, కుర్చీ యాడికి పోతాది, ఆడే ఉండాది గదా" అంటాడు.

పదకొండేళ్ళ కిందట ఇంటర్వ్యూలో నాకు చెమటలు పడుతుంటే మీరు మంచినీళ్ళ గ్లాసు జరిపారు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది. మీ దీవెనలు కావాలి.

మీ
వరూధిని


ఆదోని
2 జూలై 2024

ప్రియమైన వరూధినికి, క్రీస్తు శాంతి నీతో ఉండుగాక.

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని మూడుసార్లు చదివాను. హెడ్డమ్మవి అయ్యావన్నమాట! ఇక నీకు చాక్‌పీసులు పిల్లలే తెచ్చిస్తారు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ మేం పన్నెండుమంది ముసలి సిస్టర్లం. మోకాళ్ళ గురించి ఎవరు మొదలుపెట్టినా మధ్యాహ్నం అన్నం గంట దాకా ఆగదు, కాబట్టి నువ్వు అడగకు.

శుక్రవారం ఇంటి లెక్క సాగుతోందా? పుస్తకంలో లెక్క వద్దు, మీ ఇంట్లో ఈ వారం నిజంగా జరిగిన లెక్క తీసుకురండి అనేదాన్ని. పూలమ్మే వాళ్ళ పిల్ల మూరల లెక్క తెచ్చేది. ఆటో ఆయన కొడుకు గ్యాస్ లెక్క తెచ్చేవాడు. అందరికంటే రేణుక తెచ్చేవి బాగుండేవి.

రేణుక గుర్తుందిగా? మన గేటు పక్కన అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు రేకుల షెడ్డులో ఉన్న పిల్ల. పాలమూరు వాళ్ళు. నర్సింహులు తాపీ మేస్త్రీ, బాలమ్మ ఇసుక జల్లించేది. గోడ మీద బొగ్గుతో ఇటుకల లెక్క రాస్తుంటే చూసి, నేనే చేయి పట్టుకుని లోపలికి తెచ్చి ఫ్రీ సీటులో కూర్చోబెట్టాను. తర్వాత దాని చెల్లెలు వనజ కూడా వచ్చింది. ఇంజనీరై నాన్న కట్టే బిల్డింగులకు బొమ్మ తనే గీస్తానని ఆరో తరగతిలోనే నాతో చెప్పింది. ఈ ఏడు పదికి వచ్చి ఉండాలి. ఎలా చదువుతోంది?

నీ
సిస్టర్ రీతమ్మ


మారతహళ్ళి
21 జూలై 2024

పూజ్యులు సిస్టర్ గారికి నమస్కారాలు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కుందలహళ్ళి గేటు దగ్గర నీళ్ళు నిలిచి మొన్న స్కూలుకు గంట ఆలస్యంగా వెళ్ళాను. కొత్త ల్యాబ్ కట్టారు. గోడంతా ఆకారాలు, రంగురంగుల కోణాలు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని తాళం వేసి ఉంచుతున్నాం, మీరు నవ్వుతారని తెలుసు.

ఇంటి లెక్క ఆపేశాం సిస్టర్. పోర్షన్ అవడం లేదు. వారానికి ఆరు పీరియడ్లలో ఒకటి దానికి పోతే డిసెంబరులోగా సిలబస్ పూర్తికాదు. తల్లిదండ్రులు కూడా ఊరుకోవడం లేదు. మార్కులు రాని పనికి పీరియడ్ ఎందుకని ఒకాయన మీటింగులో నిలదీశాడు.

మీరు మందులు వేళకు వేసుకోండి. భూతద్దం కష్టమైతే ఇంకా పెద్ద అక్షరాలతో రాస్తాను.

వరూధిని


ఆదోని
4 ఆగస్టు 2024

వరూధినికి,

వాన గురించి రాశావు. ల్యాబు తాళం గురించి రాశావు. నేనడిగింది రేణుక గురించి. అడిగిన ప్రశ్న వదిలేసి అడగని దానికి జవాబు రాసిన పిల్లలకు నువ్వు ఎన్ని మార్కులు వేస్తావే?

సిస్టర్ రీతమ్మ


మారతహళ్ళి
18 ఆగస్టు 2024

పూజ్యులు సిస్టర్ గారికి,

రేణుక చిన్న పేపర్‌లో ఉంది. తొమ్మిది అర్ధ సంవత్సర పరీక్షలో యాభై ఎనిమిది వచ్చాయి. రెండు మార్కులు తక్కువ. రూల్ ప్రకారం వేశాం. చిన్న పేపర్ రాసిన వాళ్ళకు మన పదకొండో తరగతిలో లెక్కలు ఇవ్వరన్నది మీకు తెలిసిందే. ఆమె ఫ్రీ సీటు మన దగ్గరే చెల్లుతుంది కాబట్టి ఇంజనీరింగ్ మాట ఇక లేనట్టే. ఇది రాయడం కష్టమనే రాయలేదు.

అన్యాయం చేశానని మీరనుకుంటారని ఆమె పేపర్ జిరాక్స్ పంపుతున్నాను. చూడండి, ఎక్కడా స్టెప్పులు లేవు. సూత్రం రాయదు, విలువలు పెట్టదు, గాల్లోంచి జవాబు దించుతుంది. బోర్డులో ఇలా రాస్తే ఎవరు మార్కులు వేస్తారు?

మొన్న జనవరిలో, ఆమె తొమ్మిదిలో ఉండగానే, ఏ పేపరో రాసిన ఫారం మీద తండ్రి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు తల్లిదండ్రులు వస్తే ప్రిన్సిపాల్ సిస్టర్ నన్నే కూర్చోబెడతారు. నర్సింహులు పని మధ్యలో వచ్చాడు, గోళ్ళలో సిమెంటు. నేను వివరంగానే చెప్పాను, ఇది సులువు పేపరు, మీ అమ్మాయి తప్పకుండా పాసవుతుందని. ఆయన ఫారం వంక చూడనైనా లేదు. "మీరు మనోళ్ళు మేడం. ఇంత పెద్ద ఊర్ల మాకు తెలుగుల చెప్పేటోళ్ళు మీరొక్కరే. మీరు జెప్తే గంతే. యాడ వెట్టాలె సంతకం?" అన్నాడు. వేలితో చూపించాను.

పదకొండులో లెక్కలు ఉండవన్న సంగతి ఆ రోజు చెప్పలేదు. అడగలేదు కదా అనుకున్నాను.

వరూధిని


ఆదోని
30 ఆగస్టు 2024

వరూధినికి,

పేపర్ చూశాను. పదిహేడో ప్రశ్న. పది మీటర్ల నిచ్చెన గోడకు ఆనించారు. ఎనిమిది మీటర్ల ఎత్తున కిటికీని తాకింది. నిచ్చెన కాలు గోడకు ఎంత దూరం? నాలుగు మార్కులు. రేణుక రాసింది ఒకటిన్నర లైను: "నాన్న మూల మూడు నాలుగు ఐదు, దానికి డబుల్ ఆరు ఎనిమిది పది, జవాబు ఆరు మీటర్లు." వచ్చీరాని ఇంగ్లీషులో రాసింది. నువ్వు ఎర్ర పెన్నుతో "స్టెప్పులేవి?" అని రాసి ఒక మార్కు వేశావు.

ఆ లెక్క దాని ఆరో తరగతి ఇంటి లెక్క. తండ్రి కొత్త గోడ ఎత్తేటప్పుడు మూల సరిగా రావాలని దారం పట్టి ఒకవైపు మూడడుగులు, రెండోవైపు నాలుగడుగులు కొలుస్తాడు. ఆ రెండు గుర్తుల మధ్య ఐదడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. అది ఎందుకలా వస్తుందో నా బోర్డు మీద ఆ పిల్లే గీసి చూపించింది. నువ్వు వెనక బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టావు. నీకు గుర్తులేదా?

జవాబు సరైనది. దారీ సరైనదే. మూడు మార్కులు కోసి పిల్లను చిన్న పేపర్‌లోకి తోశావు. నాకు చాలా కోపంగా ఉంది.

సెప్టెంబరు ఆఖరుకు గానీ ఎవరిది ఏ పేపరో జాబితా బోర్డుకు పోదు. రేపే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళు. ఆ మార్కులు వేసి పేరు మార్పించు. స్టెప్పులు రాయడం నేర్పించడానికి ఇంకా ఆరు నెలలుంది. అది నీ పని.

సిస్టర్ రీతమ్మ


మారతహళ్ళి
25 సెప్టెంబర్ 2024

పూజ్యులు సిస్టర్ గారికి,

అడిగాను. జాబితా వారం ముందే వెళ్ళిపోయిందన్నారు. ఒక్క పేరు కోసం వెనక్కి తెప్పించడం కుదరదన్నారు. నా చేతిలో ఉన్నంతవరకు చేశాను.

రేణుక బాగానే ఉంది. క్లాసులో చిన్న పేపర్ లెక్కలు పది నిమిషాల్లో చేసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది.

వరూధిని


ఆదోని
20 నవంబర్ 2024

ప్రియమైన వరూధినికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. జ్వరమని చెప్పవచ్చు, కానీ అది కాదు.

నిన్ను కడిగేశాను. నువ్వు కనీసం వెళ్ళి అడిగావు. నేను ప్రిన్సిపాల్‌కు నాలుగుసార్లు ఉత్తరం రాసి నాలుగుసార్లూ చింపేశాను. ఎందుకో చెబుతాను.

రెండు పేపర్లు వచ్చిన ఏడాది, అరవై రాని వాళ్ళు చిన్న పేపరే రాయాలని, రాసిన వాళ్ళకు పదకొండులో లెక్కలు ఇవ్వకూడదని రూల్ పెట్టింది మేనేజ్‌మెంట్ అని మీరంతా అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. అది రాసింది నేను. ఆ కుర్చీలో కూర్చునే రాశాను. ఫైలు తీస్తే అడుగున నా సంతకమే ఉంటుంది.

అంతకుముందు శశికళ అనే పిల్ల ఉండేది. లెక్కలంటే వణికిపోయేది. రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షకు వెళ్ళనని ఏడ్చి చదువే మానేసింది. అలాంటి పిల్లల్ని కాపాడాలనుకున్నాను. రానివాళ్ళు లెక్కలు తీసుకుని మళ్ళీ దెబ్బతినకూడదని ఆ రెండో వాక్యం చేర్చాను. వచ్చిన పిల్ల అందులో ఇరుక్కుంటుందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. స్టెప్పులు అక్కర్లేదు, మీ దారి మీరు వెతకండి అని వాళ్ళకు నేర్పిందీ నేనే, స్టెప్పులు లేకపోతే బయటికి పంపే రూల్ రాసిందీ నేనే.

ఇప్పుడు ప్రిన్సిపాల్‌కు రాస్తే ఆ ఫైలు తీస్తారు. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకా మంచిపేరు మీద ఆశ చావలేదు. సిగ్గుగా ఉంది.

నీ
సిస్టర్ రీతమ్మ


మారతహళ్ళి
12 జనవరి 2025

సిస్టర్ గారికి,

మీ ఉత్తరం రెండు నెలలుగా నా బ్యాగులోనే ఉంది. జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను.

నేను అడగలేదు. సెప్టెంబరులో మీకు రాసింది అబద్ధం. ప్రిన్సిపాల్ గది దాకా రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి లోపల ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు. సిస్టర్ తలెత్తి, "ఏం వరూధినీ, ఈసారి సగటు తొంభై దాటాలి" అన్నారు. దాటుతుందని చెప్పి వచ్చేశాను. జాబితా అప్పటికి టేబుల్ మీదే ఉంది. నా కళ్ళారా చూశాను.

ఇంకొకటి. ఆ నిచ్చెన లెక్క దిద్దేటప్పుడు నాకు గుర్తుంది. దారం, మూల, మీ బోర్డు అన్నీ గుర్తున్నాయి. మొదట మూడు మార్కులు వేశాను. మొత్తం కూడితే సరిగ్గా అరవై వచ్చింది. అరవైతో పెద్ద పేపర్‌లోకి వచ్చేవాళ్ళే ఎప్పుడూ సగటును కిందికి లాగుతారు. మూడు కొట్టేసి ఒకటి వేశాను. జిరాక్స్‌లో చూడండి, ఒకటి కింద మసకగా కనిపిస్తుంది.

మీరు రూల్ రాశారు సిస్టర్, నిజమే. కానీ ఆ పిల్ల మీ రూల్ దాటింది. ఆపింది నేను.

వరూధిని


ఆదోని
3 ఫిబ్రవరి 2025

వరూధినికి,

భూతద్దంతో చూశాను. మూడు కనిపించింది.

నిన్ను తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఈసారి చింపలేదు. ఆ రూల్ నాదేనని, తప్పని, ఈ ఏడు నుంచే తీసేయమని ప్రిన్సిపాల్‌కు రాసి రిజిస్టర్ పోస్టులో వేశాను. పదకొండో తరగతి చేరికలు జూన్‌లో. అప్పుడైనా నోరు తెరువు.

సిస్టర్ రీతమ్మ


మారతహళ్ళి
22 జూన్ 2025

పూజ్యులు సిస్టర్ గారికి,

అన్నీ వరుసగా రాస్తాను. దేన్నీ దాచను.

రేణుకకు చిన్న పేపర్‌లో తొంభై తొమ్మిది వచ్చాయి. స్కూలు గేటు మీద బ్యానర్ కట్టారు. అందులో ఆమె ఫోటో ఉంది, పక్కన మార్కులున్నాయి, ఏ పేపరో మాత్రం లేదు. పెద్ద పేపర్ సగటు తొంభై ఒకటి.

పదకొండులో లెక్కలు కావాలని అప్లికేషన్ రాసుకుని ఒక్కతే వచ్చింది. ఆఫీసులో లేవన్నారు. కామర్స్ తీసుకోమన్నారు. ఆ రోజు నేను ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను సిస్టర్, నిజంగానే వెళ్ళాను. మీ ఉత్తరం ఫైల్లో ఉంది. "పెద్దావిడ, పాపం, జాలితో రాశారు. ఆ రూల్ ఉండబట్టే మనకీ పేరు" అన్నారు. నేను మార్కుల సంగతి కూడా చెప్పేశాను. ఆమె, "ఒక్క పిల్లకు తలుపు తీస్తే నలభై మంది వస్తారు. వాళ్ళు తప్పితే హెడ్‌గా మీరు జవాబు చెబుతారా?" అన్నారు. సెలవు తీసుకుని బయటికి వచ్చేశాను.

రేణుక మళ్ళీ రాలేదు. బయట రెండు కాలేజీలు తిరిగారట. ఒకచోట ఫీజు వాళ్ళ తాహతుకు మించింది, ఇంకోచోట బేసిక్ అని చూసి అప్లికేషన్ పక్కన పెట్టారట. ఈలోగా నర్సింహులు పని చందాపురకు మారింది. వనజ అక్కణ్ణుంచే రెండు బస్సులు మారి మన స్కూలుకు వస్తోంది, ఇప్పుడు తొమ్మిదో తరగతి. దాన్ని అడిగి అడ్రసు తీసుకుని నిన్న వెళ్ళాను.

ఫ్యాక్టరీ వాళ్ళకు క్వార్టర్లు కడుతున్నారు. పునాది దగ్గర నర్సింహులు దారం ఒక కొస పట్టుకుని వంగి ఉన్నాడు. రెండో కొస రేణుక పట్టుకుంది. తలకు తువ్వాలు చుట్టుకుంది. ఆమె టేపు పెట్టి, "నాయనా, ఐదుకు ఒక ఇంచు తక్కువుంది, జర బయటికి జరుపు" అంటోంది. ఆయన జరిపాడు.

నర్సింహులు నన్ను చూసి పరుగున వచ్చాడు. బాలమ్మను కేకేసి కుర్చీ తెప్పించాడు, టీ తెప్పించాడు. ఫోన్‌లో బ్యానర్ ఫోటో తీసి చూపించాడు. మేస్త్రీలందరికీ చూపించాడట. "మా ఇంటోళ్ళల్ల ఇట్ల ఫోటో ఎక్కినోళ్ళు లేరు మేడం. గా రోజు మీరు మంచి మాట జెప్పబట్కె పాసయింది. చదువైతే ముంగటికి పోలె, గది మా నసీబు, మీరేం జేస్తరు." తర్వాత చేతులు జోడించాడు. "మా చిన్నదాన్ని గూడ గా పేపర్లనే ఎయ్యుండ్రి మేడం. మీ దయ."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. రేణుకే, "మేడంకు బస్సు టైమయితుంది నాయనా" అని లేచింది.

రోడ్డు దాకా నాతో వచ్చింది. నేనే మొదలుపెట్టాను, నిచ్చెన లెక్కలో తన జవాబు సరైనదేనని, నాకు ఆ రోజే తెలుసని.

"నాక్కూడ తెలుసు మేడం" అంది. "పేపరిచ్చిన్నాడే చూసిన. మూడేసి కొట్టేసిన్రు. కూడుకున్న, అరవై. అడుగుదామంటే మీరు కిటికీ దిక్కు చూస్తున్నరు."

నాన్నకు చెప్పలేదా అని అడిగాను.

"చెప్పలే. చెప్తే ఈ ఊర్ల ఇంక ఎవ్వర్ని నమ్మడు. ఆయనకున్నది మీరొక్కరే."

బస్సు వచ్చింది. ఎక్కుతుంటే వెనక నుంచి, "వనజకు నేను రోజు స్టెప్పులు రాపిస్తున్న. దానికి అరవై మీద మస్తు వస్తయి. మీరు సరిగ్గ దిద్దితె సాలు" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని దారంతా ఏడ్చాను.

సిస్టర్, సోమవారం ప్రిన్సిపాల్‌కు హెడ్ పదవి వద్దని రాసిస్తాను. వనజ పేపర్ ఇంకెవరైనా దిద్దాలి, నా చేతిని నేను నమ్మలేను. కానీ ఫారం రోజు తెలుగు తల్లిదండ్రుల ముందు కూర్చోవడానికి ఇంకెవరూ లేరు. జనవరిలో నర్సింహులు పని ఆపుకుని వస్తాడు. చదవడు, నా మొహం చూస్తాడు. సంతకం ఎక్కడ పెట్టాలని నన్నే అడుగుతాడు.

వరూధిని